ఆర్‌వీకి కరెంటు కలిపే ముందు: క్యాంప్‌గ్రౌండ్ పోస్టు దగ్గర పది నిమిషాల పని

అమ్మానాన్న అమెరికా వచ్చిన వేసవిలో ఒక ఆర్‌వీ, అంటే మంచాలూ వంటిల్లూ ఉన్న ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు వైపు బయల్దేరాం. దారిలో రెండో రాత్రి ఒక ఆర్‌వీ పార్కులో ఆగాం. కరెంటు కలిపాను, ఏసీ తిరిగింది, ఇక పనైపోయిందనుకున్నాను. అమ్మ బయట కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, గడ్డి మీద తడి కాళ్లతో నిలబడి తలుపు హ్యాండిల్ పట్టుకుంది. "ఒరేయ్, తలుపు జివ్వుమంటోందిరా" అంది. "స్టాటిక్ అమ్మా, ఇక్కడ గాలి పొడిగా ఉంటుంది" అని కొట్టిపారేశాను. ఆవిడ రెండోసారి చెయ్యి వెనక్కి లాక్కోవడం పక్క సైటులో కూర్చున్న ఒక పెద్దాయన చూశాడు. లేచి వచ్చి, జేబులోంచి పెన్నులాంటి టెస్టర్ తీసి బండి దగ్గరికి తెచ్చాడు. రేకుకు ఇంకా జానెడు దూరం ఉండగానే అది కీచుమని అరిచింది.

స్టాటిక్ అయితే ఒక్కసారి చురుక్కుమని పోతుంది. పట్టుకున్నంతసేపూ జివ్వుమంటూ ఉంటే అది కరెంటే. ఈ తేడా నాకు ఆ రోజు దాకా తెలియదు. అమెరికాలో పోస్టుకి బిగించిన సాకెట్ అంటే అన్నీ సరిగ్గానే ఉంటాయన్న నమ్మకం ఆ సాయంత్రంతో పోయింది. అమెరికా వైరింగు నియమాల పుస్తకం నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో ఆర్‌వీలకూ, ఆర్‌వీ పార్కులకూ 551 అనే ఆర్టికల్ ప్రత్యేకంగా ఉంది. కానీ ఎండకీ వానకీ నిలబడి, రోజుకో బండివాడు ప్లగ్గు పెట్టి పీకే సాకెట్ ఎన్నాళ్లు కొత్తగా ఉంటుంది?

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి చెబుతాను. అద్దె ఆర్‌వీలో మొదటిసారి వెళ్లేవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఇక్కడ హాట్, గ్రౌండ్ అంటారు కానీ, మనకు అలవాటైన ఫేజు, ఎర్తు అనే మాటలే వాడతాను.

పోస్టు మీద ఏముంటుంది

సైటు పక్కన నడుము ఎత్తులో ఒక పెట్టె ఉంటుంది. దాన్ని పెడెస్టల్ అంటారు, నేను పోస్టు అంటున్నది దీన్నే. మూత ఎత్తితే మామూలుగా మూడు సాకెట్లు, ఒక్కోదానికి ఒక్కో బ్రేకర్ కనిపిస్తాయి. కొన్ని పాత పార్కుల్లో 50 ఆంప్స్‌ది ఉండదు.

ఒకటి ఇంట్లో ఉండేలాంటి 20 ఆంప్స్ సాకెట్. దీనికి జీఎఫ్‌సీఐ అనే షాక్ రక్షణ ఉంటుంది, అంటే సుమారు 5 మిల్లీఆంప్స్ లీకైనా ట్రిప్ అవుతుంది. రెండోది 30 ఆంప్స్‌ది: రెండు ఏటవాలు చీలికలు, ఒక గుండ్రటి రంధ్రం, 120 వోల్టులు, మొత్తం 3,600 వాట్లు. మూడోది నాలుగు రంధ్రాల 50 ఆంప్స్‌ది. 50 అంటే 30 కన్నా కాస్త ఎక్కువేలే అనుకుంటారు చాలామంది. కాదు. దీనిలో 120 వోల్టుల ఫేజులు రెండు వస్తాయి, ఒక్కోటీ 50 ఆంప్స్. అంటే 12,000 వాట్లు, మూడు రెట్ల పైమాటే.

మీరు తీసుకున్న బండి ఏ ఆంప్స్‌దో అద్దెకిచ్చేవాళ్లను ముందే అడగండి. ఒకే ఏసీ ఉన్న బండ్లు ఎక్కువగా 30వి, రెండు ఏసీల పెద్ద బస్సుల్లాంటివి 50వి. సైటు బుక్ చేసేటప్పుడు అదే ఆంప్స్ చూసి బుక్ చేయండి. అసలు కరెంటు ఉందో లేదో కూడా చూడండి. ఎల్లోస్టోన్ లోపల హుకప్ (బండికి కరెంటు కలుపుకునే ఏర్పాటు) ఉన్న క్యాంప్‌గ్రౌండ్ ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. యోసెమిటీ పార్కు క్యాంప్‌గ్రౌండ్లలో ఎక్కడా లేదు.

వెంట ఉండాల్సినవి

మొదటిది ఆ పెద్దాయన జేబులో ఉన్నదే, తాకకుండానే కరెంటును పసిగట్టే నాన్ కాంటాక్ట్ వోల్టేజ్ టెస్టర్. హార్డ్‌వేర్ షాపులో ఇరవై, ముప్పై డాలర్లకు దొరుకుతుంది. ఇండియాలో ప్రతి ఇంట్లో ఉండే స్క్రూడ్రైవర్ టెస్టర్‌ను దీని బదులు తేకండి. అది కరెంటున్న చోటుకు ఆనితేనే వెలుగుతుంది, ఆ వెలుగు ఎండలో కనిపించదు.

రెండోది ఈఎంఎస్, అంటే ఎలక్ట్రికల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, సాకెట్‌కూ బండి కేబుల్‌కూ మధ్య పెట్టే రక్షణ పరికరం. దీన్నీ సర్జ్ ప్రొటెక్టర్‌నూ ఒకటే అనుకుని మోసపోకండి. ఉత్త సర్జ్ ప్రొటెక్టర్ అమాంతం వచ్చిపడే హై వోల్టేజీని మాత్రమే మింగుతుంది. ఎర్తు లేకపోయినా, వోల్టేజీ 95కి పడిపోయినా దానికి పట్టదు. ఈఎంఎస్ వైరింగును పరీక్షిస్తుంది, వోల్టేజీని ఎప్పటికప్పుడు చూస్తుంది, తేడా వస్తే బండికి కరెంటు ఆపేస్తుంది. చాలా మోడళ్లు 104 వోల్టుల కిందికి పడినా, 132 దాటినా తెంచేస్తాయి. ఖరీదు ఎక్కువే, కొన్ని వందల డాలర్లు. అద్దె బండిలో ముందే బిగించి ఉందేమో కనుక్కోండి. లేకపోతే స్నేహితుల దగ్గర అరువు తెచ్చుకోండి. తరచూ వెళ్లేవాళ్లయితే కొనుక్కోవడమే మంచిది.

మూడోది మల్టీమీటర్, వాడటం వచ్చినవాళ్లకు. సాకెట్లో మీటరు పుల్లలు పెట్టే అలవాటు లేకపోతే ఇక్కడ నేర్చుకోవద్దు. ఈఎంఎస్‌కే ఆ పని వదిలేయండి.

బండి వెనక్కి పెట్టక ముందే పోస్టు చూడండి

కుర్చీలు దించి, పిల్లలు ఆటల్లో పడ్డాక సైటు మార్చుకోవడానికి ఎవరికీ బుద్ధి పుట్టదు. అందుకే నేను బండిని రోడ్డు మీదే ఆపి, ఒక్కడినే దిగి పోస్టు దగ్గరికి వెళతాను. ముందు టెస్టర్‌ను పోస్టు పెట్టె రేకు దగ్గర పెడతాను. అక్కడే అరిస్తే ఇక ముట్టుకోను. అరవకపోతే బ్రేకర్లు ఆఫ్ చేసి సాకెట్ ముఖం చూస్తాను. చీలికల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగిందా, కరిగిందా, కాలిన వాసన వస్తోందా, సాకెట్ ఊగుతోందా. మూత కింద కందిరీగల గూడు కూడా ఒకసారి చూశాను. వీటిలో ఏది కనిపించినా వేరే సైటు అడగండి. కాలిన సాకెట్‌లో లోపలి రేకులు వదులైపోయి ఉంటాయి. మీ ప్లగ్గు కూడా అక్కడే కాలుతుంది.

కొలత

పొడి చేతులు, కాళ్లకు బూట్లు. బ్రేకర్ ఆన్ చేయండి.

30 ఆంప్స్ సాకెట్ అయితే రెండు ఏటవాలు చీలికల మధ్య 120 వోల్టులు రావాలి. 114 నుంచి 126 దాకా ఎంతున్నా మంచిదే. ఆ చీలికల్లో ఒకదానికీ గుండ్రటి ఎర్తు రంధ్రానికీ మధ్య మళ్లీ అదే 120, రెండోదానికీ ఎర్తుకూ మధ్య దాదాపు సున్నా రావాలి. రెండు చీలికల నుంచీ ఎర్తుకు అర్థంపర్థం లేని అంకెలు వస్తే ఎర్తు లేనట్టే. ఫేజూ న్యూట్రలూ తారుమారయ్యాయా అన్నది ఈఎంఎస్ చెబుతుంది.

ఏటవాలు చీలికల మధ్య 240 వస్తే మాత్రం ప్లగ్గును దగ్గరికి కూడా తేకండి. ఇది పార్కుల్లో కన్నా ఇళ్ల దగ్గరే ఎక్కువ జరిగే తప్పు. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఫ్రెండు ఇంటి ముందు రెండు రోజులు బండి పెట్టుకుందామని ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, "30 ఆంప్స్ సాకెట్ వెయ్యండి" అంటాం. అమెరికాలో బట్టల డ్రయ్యర్‌కు 240 వోల్టుల 30 ఆంప్స్ సాకెట్ ఉంటుంది. ఆర్‌వీల సంగతి తెలియనివాడైతే దీన్నీ అదే లెక్కన 240కి కలిపేస్తాడు. ప్లగ్గు పెట్టిన మరుక్షణం మైక్రోవేవ్, టీవీ, బ్యాటరీ ఛార్జరు అన్నీ పోతాయి. ఆర్‌వీల 30 ఆంప్స్ సాకెట్ పేరు టీటీ-30. పని చెప్పేటప్పుడే "టీటీ-30, 120 వోల్టులు" అని రెండు ముక్కలూ కలిపి చెప్పండి.

50 ఆంప్స్ సాకెట్‌లో గుండ్రటిది ఎర్తు, దానికి ఎదురుగా ఉన్నది న్యూట్రల్, పక్కన ఉన్న రెండూ ఫేజులు. ఒక్కో ఫేజు నుంచి న్యూట్రల్‌కు 120, ఫేజుకూ ఫేజుకూ మధ్య 240, న్యూట్రల్ నుంచి ఎర్తుకు సున్నా. దీనికి ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంది, న్యూట్రల్ వదులైపోవడం. న్యూట్రల్ తెగితే ఆ 240 వోల్టులు రెండు వైపులా సమానంగా ఉండవు. లోడు ఎక్కువున్న వైపు 80కి పడిపోతే రెండో వైపు 160కి ఎగబాకుతుంది. ఒక లైటు మసకబారుతుంటే ఇంకో లైటు మిరుమిట్లు గొలుపుతుంది. అలా కనిపిస్తే ఆలోచించకుండా బ్రేకర్ ఆఫ్ చేయండి. లోడు లేనప్పుడు మీటరు పెట్టి చూస్తే ఇది దొరక్కపోవచ్చు, అర్ధరాత్రి మొదలైనా మొదలవచ్చు. నేను ఈఎంఎస్ మీద డబ్బు పెట్టడానికి సగం కారణం ఇదే.

కలిపే వరస

ముందు బండి లోపల ఏసీ, వాటర్ హీటర్, మైక్రోవేవ్ ఆఫ్ చేయండి. పోస్టు బ్రేకర్ ఆఫ్ చేయండి. ఈఎంఎస్‌ను సాకెట్లో పూర్తిగా నొక్కి, బ్రేకర్ ఆన్ చేసి, అది ఏం చెబుతుందో చూడండి. తప్పు చూపించలేదంటే మళ్లీ బ్రేకర్ ఆఫ్. కేబుల్‌ను ముందు బండి వైపు గుచ్చి, మెలితిప్పి, బయటి రింగు బిగించండి. తర్వాత ఈఎంఎస్‌లో పెట్టండి. అప్పుడు బ్రేకర్ ఆన్ చేయండి. ఏసీ కంప్రెసర్ క్షేమం కోసం చాలా ఈఎంఎస్‌లు రెండు నిమిషాలకు పైగా ఆగి గానీ కరెంటు వదలవు. పాడైపోయిందనుకుని పీకి మళ్లీ పెడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఇన్నిసార్లు ఆన్, ఆఫ్ ఎందుకంటే, కరెంటు పారుతుండగా ప్లగ్గు పెడితే పిన్నుల దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి. లేచిన ప్రతిసారీ పిన్ను కొంచెం కాలుతుంది. కాలిన పిన్ను సరిగ్గా ఆనదు, ఆనకపోతే ఇంకా వేడెక్కుతుంది. పోస్టు మీద మీరు చూసిన గోధుమరంగు మచ్చలు అలా వచ్చినవే.

కేబుల్ ఎక్కువైతే చుట్ట చుట్టి ఉంచకండి, వేడెక్కుతుంది. వదులుగా నేల మీద పరచండి, జాయింట్లు నీళ్లు నిలిచే చోట పడకుండా చూడండి. అందకపోతే ఇంటి ఆరెంజి ఎక్స్‌టెన్షన్ తగిలించొద్దు. 30 ఆంప్స్‌కు 10 గేజి మందం తీగలున్న ఆర్‌వీ కేబులే కావాలి. ఎర్తు పిన్ను విరగ్గొట్టిన అడాప్టర్ ఎవరైనా ఇవ్వబోతే దండం పెట్టి వెనక్కిచ్చేయండి.

బండి చుట్టూ ఒక నడక

ఇప్పుడు అందరూ వదిలేసే పని. కరెంటు వచ్చాక, పిల్లలూ పెద్దవాళ్లూ తలుపు ముట్టుకోకముందే టెస్టర్‌తో బండి చుట్టూ తిరగాలి. ముందు ఏదైనా పనిచేసే సాకెట్ దగ్గర పెట్టి టెస్టర్ అరుస్తోందో లేదో చూసుకోండి. తర్వాత నేల మీద నిలబడి తలుపు హ్యాండిల్, మెట్టు, ఛాసిస్, ట్రెయిలర్ అయితే కొక్కెం, ఒక్కోదాని దగ్గరకు తీసుకెళ్లండి. బండి లోపల నిలబడి చూస్తే లాభం లేదు, మీరూ బండితో పాటే వేడిగా ఉంటారు.

ఇక్కడ వేడి అంటే కరెంటు వేడి. అమెరికన్లు దీన్ని హాట్ స్కిన్ అంటారు. బండి రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. దాని రేకును క్షేమంగా ఉంచేది కేబుల్‌లోని ఎర్తు తీగ ఒక్కటే. లోపల వాటర్ హీటర్ కాయిల్ కాస్త లీకైనా, ఎర్తు బాగుంటే ఆ కరెంటు తీగ వెంట పోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. పోస్టులో ఎర్తు తెగి ఉంటే రేకు మీదే కాచుకుని ఉంటుంది. తడి కాళ్లతో నేల మీద ఉన్న మనిషి చెయ్యి వేస్తే దానికి దారి దొరికినట్టే. అమ్మ విషయంలో జరిగింది అదే.

మన బుర్రకు వెంటనే తట్టే ఉపాయం ఒకటుంది. ఇంటి పక్కన గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి పైపు దింపి ఎర్తింగ్ చేయడం చూసి పెరిగినవాళ్లం కదా, ఇక్కడా ఒక ఇనప కడ్డీ నేలలో దిగ్గొట్టి బండికి తీగ కడితే సరిపోతుందనిపిస్తుంది. నేనూ అదే అడిగాను ఆ పెద్దాయన్ని. ఆయన లెక్క వేసి చూపించాడు. మంచి కడ్డీకి కూడా నేలతో 25 ఓమ్‌ల నిరోధం ఉంటుందనుకోండి, 120ని 25తో భాగిస్తే 4.8 ఆంప్స్. 30 ఆంప్స్ బ్రేకర్‌కు అది చీమ కుట్టినంత కూడా కాదు, పడదు. రేకు మీద కరెంటు అలాగే ఉంటుంది. బ్రేకర్ పడాలంటే ఎర్తు తీగ నేలలోకి కాదు, రాగి దారిలో ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ దాకా తిరిగి వెళ్లాలి.

ఈఎంఎస్ ఉన్నా ఈ నడక ఎందుకంటారా? ఎవరో పాత పోస్టులో ఎర్తు తీగ లేక, సాకెట్ వెనకాల ఎర్తునూ న్యూట్రల్‌నూ ఒక ముక్క తీగతో కలిపేసి, పైగా ఫేజును ఆ వైపు బిగించారనుకోండి. అప్పుడు ఎర్తు పిన్నులోనే 120 వోల్టులు ఉంటాయి. సాకెట్లో గుచ్చి వైరింగు చూసే మూడు లైట్ల టెస్టర్ "అంతా బాగుంది" అంటుంది. మీటరు అంకెలు కూడా సరిగ్గానే కనిపిస్తాయి. మామూలు ఈఎంఎస్ పట్టుకోలేదు, పట్టుకున్నా ఎర్తు తీగను అది తెంచదు. దీన్ని బయటపెట్టేది ఆ ఇరవై డాలర్ల టెస్టరే.

అరిస్తే ఏం చేయాలి: లోపల ఉన్నవాళ్లను అక్కడే ఉండమనండి. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టడమే ప్రమాదం. మీరు బండిని తాకకుండా పోస్టు దగ్గరకు వెళ్లి బ్రేకర్ ఆఫ్ చేయండి. మళ్లీ టెస్టర్‌తో చూడండి. మౌనంగా ఉంటే ప్లగ్గు పీకి, అప్పుడు వాళ్లను దిగమనండి. ఇంకా అరుస్తూనే ఉంటే దేన్నీ ముట్టకుండా ఆఫీసుకు ఫోన్ చేయండి. "ఇంతవరకూ ఎవరూ కంప్లయింట్ చేయలేదే" అంటారు. అననివ్వండి. వేరే సైటులో కలిపి చూస్తే అక్కడా అరిచిందంటే తప్పు బండిలోనూ ఉంది. అద్దెకిచ్చినవాళ్లకు చెప్పి, అది బాగయ్యేదాకా బయటి కరెంటు కలపకండి.

వంట మొదలయ్యాక

30 ఆంప్స్‌లో గంటల తరబడి వాడుకోదగ్గది 24 ఆంప్స్ అనుకోండి. రూఫ్ మీద ఏసీ ఒక్కటే 12 నుంచి 16 తింటుంది. వెయ్యి వాట్ల ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు కుక్కర్) 8, మైక్రోవేవ్ 12 పైన, 1,800 వాట్ల ఇండక్షన్ స్టవ్ 15, హెయిర్ డ్రయ్యర్ 12. సాయంత్రం ఏడింటికి ఏసీ తిరుగుతూ, కుక్కర్లో అన్నం, ఇండక్షన్ మీద సాంబారు పెడితే లెక్క 35 దాటుతుంది, బ్రేకర్ పడుతుంది. అది దాని పని. మళ్లీ మళ్లీ లేపకండి, ఒకటి ఆపండి. సాంబారును గ్యాస్ స్టవ్ మీదికి, వాటర్ హీటర్‌ను గ్యాస్ మీదికి మార్చండి. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీ ఇక్కడ 120కి ఈసురోమంటుంది, దాన్ని ఇంట్లోనే ఉంచండి.

అందరూ ఏసీలు వేసే వేళకు పార్కు వోల్టేజీ కూడా పడుతుంది. మన ఊళ్లలో ఎండాకాలం సాయంత్రాలు ఫ్రిజ్ వెనకాల స్టెబిలైజర్ టకటకలాడేది గుర్తుందా, అదే కథ. ఈఎంఎస్ 105కి దగ్గరపడుతున్నట్టు చూపిస్తే ఏసీ మీరే ఆపేయండి. తక్కువ వోల్టేజీలో కంప్రెసర్ ఎక్కువ ఆంప్స్ లాగి వేడెక్కుతుంది.

కలిపిన అరగంటకు ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే ఏసీ ఆపి, బ్రేకర్ ఆఫ్ చేసి పిన్నులు చూడండి. నల్లబడితే వేరే సాకెట్ అడగండి.

ఉరుములు వినిపించకముందే, మబ్బు పడుతుండగానే ప్లగ్గు తీసేయడం మంచిది. మెరుపుల్లో బయటికి పరిగెత్తి తీయొద్దు.

వెళ్లే రోజు

వరస తిరగేయాలి. లోపల పెద్ద లోడ్లన్నీ ఆఫ్, పోస్టు బ్రేకర్ ఆఫ్, తర్వాత ప్లగ్గు. తీగ పట్టుకుని లాగొద్దు, ప్లగ్గు తల పట్టుకునే లాగండి. పిన్నులు ఒకసారి చూసి, కేబుల్ తుడిచి లోపల పెట్టండి. బండి స్టార్ట్ చేసే ముందు ఇంకోసారి దిగి పోస్టు వైపు చూడండి, కేబుల్ తగిలించి ఉండగానే కదిలిపోయి పోస్టును వంచిన వాళ్లు ఉన్నారు. బ్రేకర్‌ను ఆఫ్‌లోనే వదిలి మూత వేయండి. మీ తర్వాత వచ్చేవాళ్లు చీకటి పడ్డాక వస్తారు, చూడకుండానే ప్లగ్గు పెట్టేస్తారు.